ఆ వాల్వు ఎవరిదంటే

ఇరవయ్యేళ్ల కిందట విజయవాడ వన్ టౌన్‌లో, మా మేడగదిలో గాజు బల్బులా వెలిగే పాత రేడియో వాల్వుతో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ తయారుచేశాను. ఆ వాల్వు ఇచ్చింది, నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగిన కింద కొట్టు సుబ్బారావుగారు. ఒక కెపాసిటర్‌ని తిరగేసి అతికించానేమో, స్విచ్ వేసిన కాసేపటికే అది ఢామ్మని పేలి గదంతా పొగ కమ్మింది.

"బాంబురోయ్! సలీంగాడి గదిలో!"

వీధంతా పైకొచ్చింది. తీగలు చూడగానే చొక్కా చింపి, నా తల గోడకేసి కొట్టారు. నోట్లో రక్తం. మొదటి చెంపదెబ్బ సుబ్బారావుగారిదే.

"బాబాయ్‌గారూ, పాటల కోసమండీ! ఆ వాల్వు మీదే కదండీ!" అని అరిచాను.

ఆయన ఇంకా వెలుగుతున్న వాల్వుని చూసి, అందరినీ బయటికి నెట్టేశారు.

ఇప్పటికీ ఆయన పాటలు వినడానికి నా గదికి వస్తుంటారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని తలాడిస్తారు. నా చెంప మాత్రం చురుక్కుమంటుంది.