కిందికి దిగిన అరచెయ్యి

డిసెంబరు, రెండో శుక్రవారం. అల్ ఖోబార్. హాజరైనవారు: మా గాన బృందాన్ని నడిపే ఫిలిప్పీన్స్ మనిషి, అతని దేశపు నర్సులు, ల్యాబువాళ్ళు, కాకినాడ వైపు నర్సమ్మ ఒకామె, నేను. రానివారు: లేరు.

ఆనాటి డైరీలో మొదట ఉన్నది ఇదే. ఆసుపత్రి స్టోర్స్‌లో సరుకు రాసిన చేతికి మనుషుల్ని రాయడమూ అలాగే అలవాటైంది. మిగతాది ఇప్పుడు, రిటైరై ఇంట్లో కూర్చున్నాక రాస్తున్నాను.

ఆ ఫిలిప్పీన్స్ మనిషి సంగీతం చదివినవాడు. వాళ్ళ ఊరి కాలేజీలో పెద్ద బృందాన్ని తయారుచేసి పోటీలకు తీసుకెళ్ళేవాడు. ఆ జీతంతో ఇల్లు గడవలేదు. కట్టుడు పళ్ళు చేసే పని నేర్చుకుని సౌదీ వచ్చాడు. వారమంతా ఆసుపత్రిలో పళ్ళు అరగదీసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం అల్ అజీజియాలోని తన అద్దె ఇంట్లో మాచేత పాడించేవాడు.

అప్పట్లో అక్కడ ఆడా మగా కూడి పాడుతున్నారని తెలిస్తే మతపోలీసులు వచ్చేవాళ్ళు, అందుకని పాట బయటికి వినబడకూడదు. కిటికీలకు పరుపులు ఆనించి, కిర్రుమనే పాత ఏసీని పూర్తిగా పెంచేవాళ్ళం. పాట పైకి లేవాల్సిన చోట అతని అరచెయ్యి నేలవైపు తిరిగి మెల్లగా కిందికి దిగేది. మేము కడుపు బిగబట్టి సన్నగా పాడేవాళ్ళం. కాలేజీలో పిల్లల గొంతు పెంచడానికి జీతం తీసుకున్న మనిషి, ఇక్కడ జీతం లేకుండా మా గొంతు తగ్గిస్తూ జుట్టు నెరిసిపోయాడు.

రోజులు మారాయి. ఆసుపత్రివాళ్ళు ఉద్యోగుల వేడుక పెట్టి, హాల్లో మమ్మల్ని పాడమన్నారు. ఆ మర్నాడే అతని ఫైనల్ ఎగ్జిట్. ఇక తిరిగి రావడం ఉండదు.

"కుయా," అన్నాడు నాతో ఇంగ్లీషులో. కుయా అంటే వాళ్ళ భాషలో అన్న. "మీరు నిండుగా పాడితే ఎలా ఉంటుందో నాకింతవరకు తెలీదు. ఒక్కసారి విని పోతాను."

నర్సమ్మ నావైపు తిరిగింది. "ఏంటి బాబాయ్, ఇన్నాళ్ళూ నోరు నొక్కి ఇప్పుడు అరవమంటాడేంటీయన? నీ గొంతుకి తుప్పు పట్టలేదు కదా?"

"నీ గొంతు సంగతి చూసుకోమ్మా" అన్నాను.

అయితే ఇంటి గోడలు అవే, పక్కింటివాళ్ళూ వాళ్ళే. అందుకని సాధన మాత్రం పరుపుల మధ్యే సాగింది. హాల్లో చూసుకుందాం అనుకున్నాం.

ఆ రెండో శుక్రవారం సాయంత్రం హాలు నిండింది. తలుపులు తీసే ఉన్నాయి. మొదటి చరణం బాగా వచ్చింది. పాట పైకి లేచే చోటు వచ్చింది. అతని రెండు చేతులూ లేచాయి. అంతలోనే కుడి అరచెయ్యి నేలవైపు తిరిగి, ఎప్పటిలాగే మెల్లగా కిందికి దిగింది. మేమూ ఎప్పటిలాగే తగ్గిపోయాం. హాల్లో ఏసీ చప్పుడు కూడా లేదు. చివరి వరసలకు మా పాట చేరిందో లేదో తెలియదు.

చప్పట్లు గట్టిగానే కొట్టారు. ఎంత సున్నితంగా పాడారో అన్నారు. అతను వంగి నమస్కరించి, కుడిచేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. భోజనాలు అయ్యేవరకూ బయటికి తీయలేదు, ఎడమచేత్తోనే తిన్నాడు. అది చూస్తూ నేను రెండోసారి బిర్యానీ వడ్డించుకున్నాను. బాధ కలిగినట్టు డైరీలో లేదు. నాకు గుర్తూ లేదు.

మర్నాడు పొద్దున నా కారులో దమ్మామ్ విమానాశ్రయానికి బయలుదేరాం. తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు డిక్కీలో పట్టక వెనక సీట్లోకి కూడా వచ్చాయి. రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ వాటి పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా ఇసుక తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ వినేదెవరు బాబాయ్? పాడేద్దామా?" అంది ఆమె. అతనికి ఇంగ్లీషులో చెప్పాను. తల ఊపాడు.

ఆమె పాట ఎత్తుకుంది. నా వేలు దానంతటదే మీటమీదకు వెళ్ళింది. నాలుగు అద్దాలూ పైకి లేచి మూసుకున్నాయి.

అతను వాటివంక చూశాడు. "ఏసీ కూడా పెంచు కుయా" అన్నాడు.

పెంచాను. విమానాశ్రయం వచ్చేవరకూ ముగ్గురం పాడాం, శుక్రవారాలు పాడినంత గొంతుతోనే.