ఫోటిస్ పంతులు రెండుసార్లు చదివిన చట్టం

గ్రీసులో పర్నోనాస్ కొండల్లోని ఒక ఊళ్ళో బడి నడిపే ఫోటిస్ పంతులుకి ఉన్న ఆస్తల్లా చక్కని దస్తూరీ. తురకల ఏలుబడి మీద యుద్ధం సాగుతున్న 1823 వసంతంలో, ఆస్త్రోస్ తోటల్లో జాతీయ సభ జరిగినప్పుడు ఊరి ప్రతినిధిగా వెళ్ళిన నాయకుడు ద్రాలోస్ అతన్ని వెంటబెట్టుకెళ్ళాడు. ద్రాలోస్‌కి అక్షరం ముక్క రాదు. కత్తి పట్టాడంటే మాత్రం ఎదురులేదు.

చెట్ల కింద ప్రతినిధులు వాదులాడుకుంటుంటే, ఫోటిస్ సవరించిన రాజ్యాంగానికి నకళ్ళు రాశాడు. మూడో నకలులో ఒకచోట చెయ్యి ఆగిపోయింది. గ్రీకు నేల మీద మనిషిని అమ్మకూడదు, కొనకూడదు. ఏ జాతి, ఏ మతం బానిస అయినా ఇక్కడ అడుగుపెడితే స్వతంత్రుడే. రెండుసార్లు రాసినా అంతవరకు ఆ మాట చేతికే తెలిసింది, మనసుకి ఎక్కలేదు. నెఫీసే గుర్తొచ్చింది. తురకల కోట పట్నం త్రిపొలిత్సా గ్రీకుల చేతికి చిక్కినప్పుడు ద్రాలోస్ చెరపట్టి తెచ్చిన తురక పిల్ల. ఏడాదిన్నరగా అతనింట్లో పిండి విసురుతోంది.

చివరి రోజున ద్రాలోస్ ఎక్కడ పెట్టాలో అడిగి సంతకం బదులు తన గుర్తు పెట్టేశాడు. ఏముందో చదవమనలేదు. ఫోటిస్ భయపడి చదవనూ లేదు. ఆ పిరికితనం ఇంటికొచ్చే దారంతా అతన్ని తినేసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, కొత్త చట్టం వినిపించమని పాదిరీ అడిగాడు. చర్చి వాకిట్లో ఊరంతా కూర్చుంది. ఆ చోటు రాగానే ఫోటిస్ నెమ్మదించి ఒక్కో మాటా విడమరిచి చదివాడు. ఆడవాళ్ళు ద్రాలోస్ ఇంటి వైపు చూశారు.

"అది వదిలేసి ముందుకెళ్ళు పంతులూ," అన్నాడు ద్రాలోస్.

"వదలడానికి అది నాది కాదు నాయకా. కింద మీ గుర్తుంది."

"పక్కనే ఉన్నావుగా, అప్పుడు నోరు మెదపలేదేం?"

"అది నా తప్పే. అందుకే ఇప్పుడు చదువుతున్నా," అని ఫోటిస్ అదే చోటు మళ్ళీ, ఇంకాస్త గట్టిగా చదివాడు.

ద్రాలోస్ చెయ్యి నడుములోని పిస్తోలు మీదికి పోయింది. అప్పుడు అరుగు మీంచి అతని తల్లి దియమాందో లేచింది. ఇద్దరు కొడుకుల్ని యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి.

"నీ తమ్ముళ్ళు దేనికి పోయార్రా? దేశం ముందు గుర్తు పెట్టొచ్చి, ఇంటికొచ్చి కాదంటావా? ఆ పిల్లనొదిలెయ్."

ద్రాలోస్ తల దించుకున్నాడు. ఆవిడే వెళ్ళి నెఫీసేని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఫోటిస్ చెల్లెలికి అప్పగించింది.

సముద్రం అవతల తురకల పట్నం ఇజ్మీర్‌లో మేనత్త ఉందని నెఫీసే చెప్పింది. పదకొండు రోజుల తర్వాత ఫోటిస్ ఆమెను నడిపించుకుంటూ తీరానికి తీసుకెళ్ళి, అటు పోయే ఫ్రెంచి ఓడ ఎక్కించాడు. ఎక్కేముందు ఆమె వచ్చీరాని గ్రీకులో, ఆ కాగితంలో తన పేరుందా అని అడిగింది.

"లేదమ్మా. ఎవరి పేరూ లేదు. అందరికీ అని ఉంది."

ద్రాలోస్ మాత్రం క్షమించలేదు. పిల్లల్ని ఎవరూ పంపకుండా చేస్తే బడి మూతపడింది. ఫోటిస్ లియోనీదియో పట్నం వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పుకున్నాడు, ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా.

నాలుగేళ్ళకి త్రిజీనాలో మళ్ళీ సభ జరిగితే, నకళ్ళు రాయడానికి అతన్నే పిలిచారు. చదువురాని ప్రతినిధులు గుర్తు పెట్టడానికి వస్తే, నిమ్మచెట్ల నీడన కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా వినిపించేవాడు. కొందరు విసుక్కున్నారు, కొందరు కునుకు తీశారు. కునుకు తీసినవాళ్ళని భుజం తట్టి లేపి, ఆపిన చోటి నుంచి చదివేవాడు.