తనిఖీలో మా అన్న పేరు

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు సిరిసిల్లలోని మా షెడ్డులో ఒక మరమగ్గం ఆగింది. అది రోజూ జరిగేదే. కానీ ఆరోజు మా పనితీరుకు గ్రేడు ఇవ్వడానికి హైదరాబాద్ నుంచి ఒక అధికారి వచ్చి ఉన్నాడు. గ్రేడు వస్తేనే స్కూలు యూనిఫాం బట్ట ఆర్డరు మాకు దక్కుతుంది.

"మగ్గం ఆగితే మొదట ఏం చేస్తారు?" అని ఆయన నేత కార్మికుడు రాజయ్యను అడిగాడు.

"సాంచ ఆగంగనే మల్లేశన్నా అని పిలుస్తం సార్."

మరో ఇద్దరిని విడిగా అడిగినా అదే జవాబు చెప్పారు.

"అందరిదీ ఒకే పద్ధతి, బాగుంది. ఆయన్ను పిలవండి."

ఆ షెడ్డుకు సూపర్‌వైజర్‌ని నేనే. మల్లేశం మా అన్న.

"రాడు సార్," అన్నాడు రాజయ్య.

"సెలవా?"

"సచ్చిపోయి మూడు నెలలాయె."

"మరి ఎందుకు పిలుస్తున్నారయ్యా?"

"పిలిస్తెనే గాయన ఎట్ల చేసెటోడో యాదికొస్తది సార్. గప్పుడు మేమే సూసుకుంటం."

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకూ నవ్వొచ్చింది, అన్న పోయాక అదే మొదటిసారి. రాజయ్య చెబుతుంటే ఆ పద్ధతంతా నేను కాగితం మీద రాశాను. 'మల్లేశన్నను పిలవాలి' అన్న మొదటి వాక్యాన్ని అధికారి కొట్టేసి గ్రేడు ఇచ్చాడు.

ఆర్డరు వచ్చింది. ఇప్పుడు మగ్గం ఆగితే గోడకున్న కాగితం చూసి బాగుచేస్తున్నారు. మా అన్నను ఎవరూ పిలవడం లేదు.