జనరేటర్ ఆపిన కాసేపు

వ్యాన్ తార్నాక దాటి యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్ వెనక ఆగింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. పైన కొత్తగా పోసిన సిమెంటు బాట, కింద ఎర్రమట్టి, దాని కింద రాయి. సైన్యంలో సిగ్నల్స్ నుంచి రిటైరై వచ్చిన నాకు ఇది రెండో కొలువు. భూమిలోని కరెంటు కేబుల్ ఎక్కడ చెడిందో వెతకడం. బాటంతా తవ్వెయ్యమని సలహా ఇచ్చేవాళ్లకు అక్కడ కొదవ లేదు. తవ్వేది వాళ్లు కాదు కదా!

సామాను: చెవులకు హెడ్‌ఫోన్లు, నేలకు ఆనించే మైకు, నడుముకు వాకీటాకీ. ఆర్డరు: ఒక్క గుంటతో పని ముగించాలి. ఇళ్ల ఫ్యూజులు పీకి, కేబుల్‌ను రెండు చివర్లా విడదీశాం. వ్యాన్‌లోని ఆపరేటర్ మిషనుతో కేబుల్‌లోకి హై వోల్టేజి కరెంటు దెబ్బ వదిలితే, చెడినచోట నేలలో ధబ్‌మంటుంది. అది నేను వినాలి.

"కొడ్తున్న అన్నా. ఇనవడ్తున్నదా?" వాకీటాకీలో ఆపరేటర్.

"లేదు. జనరేటర్ మోత."

ఆ మోత చివరి ఇంటి వరండాలోది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ టీచరమ్మ, భర్త ఆక్సిజన్ మిషను దానితోనే నడుపుతున్నారు. సీతాఫల్‌మండి నుంచి రావలసిన సిలిండర్ ఇంకా రాలేదు.

"అమ్మా, ఒక్క అయిదు నిమిషాలు బంద్ చేయాలె," అన్నాను.

"ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో బాబూ. పొద్దున్న రెండుసార్లు మొరాయించిందండి."

లోపలి నుంచి ఆయన అన్నారు: "ఆపెయ్యి. ఎంతసేపిలా?"

"మీరు చెయ్యెత్తగానే తాడు లాగి స్టార్ట్ చేస్తాను," అన్నారామె. ఆపరేటర్‌కు నేను చేసే సైగ అది. చెయ్యి కిందుంటే కొట్టు, ఎత్తితే ఆపు. మమ్మల్ని చూసి పట్టేశారు.

మోత ఆగింది.

"కొట్టు."

బాట మీద ఏమీ లేదు. జరిగాను. అక్కడా లేదు. లోపల ఆయన దగ్గుతున్నారు. నాకు భయమేసింది. కేబుల్ మీద బాట పోసినవాడి మీద ఒళ్లు మండింది. అంచు దాటి, నందివర్ధనం మొక్క పక్కన మైకు ఆనించాను. ధబ్. మళ్ళీ ధబ్, గట్టిగా. చెయ్యెత్తాను.

ఆమె తాడు లాగారు. అందుకోలేదు. మళ్ళీ లాగారు. మైకు పారేసి పరుగెత్తాను. నేను చేరేలోపే మూడోసారికి అందుకుంది.

తవ్వితే కేబుల్ మీద గడ్డపార గాటు. ఎవరో మొక్క నాటినప్పుడు దిగినట్టుంది. సాయంత్రానికి జాయింటు వేశాం, కరెంటు వచ్చింది. టీచరమ్మ మజ్జిగ ఇస్తే ఆపరేటర్ సిగ్గుపడకుండా ఇంకో గ్లాసు అడిగాడు.

చీకటి పడేసరికి రామంతాపూర్‌లో మా ఇంటికి చేరాను.

ఆ ఉద్యోగం కూడా అయిపోయింది. ఇప్పటికీ కళ్లముందు నుంచి పోనిది ఒక్కటే. లోపల భర్త దగ్గుతుంటే వెనక్కి తిరగకుండా, జనరేటర్ తాడు గుప్పిట్లో బిగించి, ఏదో ప్రార్థన గొణుక్కుంటూ, కిందికి వేలాడుతున్న నా చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డ ఆమె.