ప్రూఫు కాగితం మీద నా పేరు

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, ఆపైన ఇరవై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలను తిరగేసి చదివినవాణ్ని కనుక, తిన్నగా ఉన్న అక్షరం కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగిందని నాకు ఇప్పటికీ అనుమానమే. మొన్న బాన్సువాడలో మా పాత ప్రెస్సు గది ఖాళీ చేస్తున్నారని కబురొస్తే, వెళ్లి అటక మీది తీర్మానాల పుస్తకం తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి అనుమానం ముదిరింది.

మా ప్రెస్సుకు యజమాని లేడు. పనిచేసే ఎనిమిది మందిమే యజమానులం, కాబట్టి ఎవరి మాటా ఎవరూ వినేవాళ్లం కాదు. ఏ తీర్మానమైనా అక్షరాలు కూర్చి, దాని కింద ఎవరి పేరు వారే తమ చేత్తో కూర్చుకుని, ఒక్క ప్రూఫు తీసి పుస్తకంలో అతికించేవాళ్లం. అదే మా సంతకం.

నాకు పని నేర్పిన పెద్దాయన, వరుసకు బావ, చూపు మందగించి పెళ్లి పత్రికల్లో తప్పులు వదులుతున్నాడని, ఆయన్ను పనిలోంచి తప్పించే తీర్మానం ఒకటి వచ్చింది. నా పేరు కూర్చనని తెగేసి చెప్పి బయటికి నడిచానని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. తీరా చూస్తే ఎనిమిది పేర్లూ ఉన్నాయి, బావ పేరు పక్కనే నాదీ ఉంది.

తిరిగొచ్చి కూర్చానా, కూర్చి మరిచానా? పదిసార్లు చెప్పిన కథకూ జరిగినదానికీ మధ్య గోడ ఎప్పుడు కూలిందో మన వయసు వాళ్లకు ఎక్కడ గుర్తుంటుంది? ఇప్పుడు కంప్యూటరు మీద వేలు తగిలిస్తే ఫ్లెక్సీ నిండా ఊరందరి పేర్లు. అప్పుడు ఒక్క పేరుకు వేళ్లన్నీ సీసం మరకలు. ఆ మరక నా వేళ్లకు అంటిందో లేదో తేల్చుకోలేక నస్రుల్లాబాద్ బస్సెక్కాను.

కూతురింటి వసారాలో కూర్చున్న బావ నా గొంతు పట్టే పోల్చాడు. సంగతి చెప్పాను.

"గిదా నీ ఫికరు? నీ పేరు నేనే కూర్చిన. ఏడుగురం ఒకదిక్కు, నువ్వొక్కనివి ఒకదిక్కు ఉంటే, తెల్లారి వాళ్ల నడుమ ఎట్ల పని చేస్తవని."

ఊరటో సిగ్గో తెలియక, "అయితే నేను వద్దనే అన్నాను కదా బావా" అన్నాను.

"నువ్వు ఊ అనలే, ఊహూ అనలే. చాయ్‌కి పోతున్న అన్నవ్, అంతే. ఇగ నాదొక డౌటు బామ్మర్ది. నీ పేరు ఒక్క ఒత్తు తప్పకుంట కూర్చిన గద, మరి కండ్లు కనిపిస్తలేవని నన్నెట్ల తీసేసిన్రు?"