ఏనుగుగుండు ఆనవాలు

రాయదుర్గానికి సిటీ బస్సు తెప్పించడం కొమురయ్య మొట్టమొదటి గెలుపు. అప్పుడాయన ఎంపీ కాదు, వార్డు మెంబరు కూడా కాదు. రాళ్లు కొట్టే మనిషి. ఊరి మొగదల అడ్డంగా బండ ఉందని, బస్సు తిరగడానికి జాగా లేదని డిపో వాళ్లు మూడేళ్లు తిప్పి పంపారు. నాలుగో ఏడు ఆయన అడగడం మానేశాడు. పద్దెనిమిది మందిని వెంటేసుకుని, పొద్దంతా కూలికి కొట్టి, మాపటేళ ఊరి కోసం కొట్టి, నెలా పదకొండు రోజుల్లో ఆ బండను కంకర చేశాడు. 1974 దసరా ముందు మొదటి బస్సు వచ్చి గుండ్రంగా తిరిగి నిలబడింది. దాని ముందు కొబ్బరికాయ కొట్టింది ఆయన భార్య భాగ్యమ్మ.

ఆ తరువాత ఆయన ఆగిందెక్కడ? వార్డు మెంబరయ్యాడు. సర్పంచయ్యాడు, గుట్ట మీది గుడిసెలకు కరెంటు తెచ్చాడు. మండలాలు వచ్చిన కొత్తలో మండలాధ్యక్షుడయ్యాడు. నాలుగు ఊళ్లకు బోర్లు వేయించాడు. 98 మార్చిలో ఎంపీగా ఢిల్లీకి పోయాడు. ఐదో తరగతి చదివిన మనిషి, రాళ్లు కొట్టేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు గురించి పార్లమెంటులో తెలుగులో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ నాలుగు నిమిషాల గురించి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇన్ని చేసిన మనిషి ఒక్క పొరపాటు చేశాడు.

గుట్ట కింద రేకుల షెడ్డులో ఎలిజబెత్ టీచరు బడి నడుపుతుంది. గుంటూరు వైపు మనిషి. రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలు అరవై ముగ్గురికి ఆ ఒక్క షెడ్డే దిక్కు. దానికి పక్కా భవనం కట్టడానికి కొమురయ్య ఎంపీ నిధుల్లోంచి మంజూరు ఉత్తరం రాయించాడు. రాసింది టీచరే. "సర్వే నంబరు వేద్దామండి" అని ఆమె అంటే ఆయన నవ్వాడు.

"నంబరు పట్వారికొక్కనికే ఎరుక, టీచరమ్మా. గుండు ఊరందరికి ఎరుక. ఇట్ల రాయి: ఏనుగుగుండుకు తూర్పున రెండు వందల అడుగులు."

ఈ గుట్టల్లో పుట్టినవాళ్లందరి లెక్కా అదే. ఇక్కడ ప్రతి రాయికీ పేరుంది, పేరున్న రాయి ఎక్కడికీ పోదని నమ్మకం. కానీ సైబర్ టవర్స్ లేచిన తరువాత ఆ నమ్మకం చెల్లలేదు. ఆయన బడ్జెట్ సమావేశాలకు ఢిల్లీలో ఉండగా, కొత్త రోడ్డు కోసం యంత్రాలు వచ్చి ఏనుగుగుండును తొమ్మిది పేలుళ్లలో లేపేశాయి.

ఏప్రిల్ 19న, సోమవారం, సర్వేయరు బుల్లిబాబు కొలత గొలుసు పట్టుకుని వచ్చాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"అంతా బానే ఉందండి. గుండేదండి?"

భాగ్యమ్మ చెయ్యి చాచింది. చూపించడానికి ఏమీ లేదు. ఎటు చూసినా చదునైన కంకరే.

"ఈ నెలాఖరుకి గుట్టంతా కొత్త ఆఫీసులకి హద్దులేసి కాగితం పైకి పంపాలండి. ముప్పయ్యో తారీకు, శుక్రవారం పదకొండు గంటలకి సంతకం పెడతాను. ఆలోగా బడి జాగా తేలకపోతే అది కూడా వాళ్ల హద్దులోకే పోద్ది. షెడ్డెలాగూ రోడ్డులో పోతోంది."

ఆ రోజు నుంచి భాగ్యమ్మ కాలు ఇంట్లో నిలవలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి గుట్టకు పోయేది, పప్పు అడుగంటేది. ఎంపీ ఇంటికి ఇచ్చిన ఫోను మోగితే పరుగెత్తుకొచ్చేది. ఎత్తితే మూసాపేట నుంచి ఎవరో బదిలీ కోసం, బాలానగర్ నుంచి ఎవరో సీటు కోసం. ఢిల్లీలో అప్పటికే, పదిహేడో తారీకున, ఒక్క ఓటుతో సర్కారు పడిపోయింది. మళ్లీ సర్కారు ఎవరు కడతారో తేలేదాకా పార్టీ ఒక్క తలనూ కదలనివ్వడం లేదు.

"ఓపిక పట్టు భాగ్యా, పొద్దున మాపు లెక్క పెట్టుకుంటున్నరు మమ్ముల్ని" అన్నాడు కొమురయ్య ఫోనులో.

"మందలో గొర్లను లెక్క పెట్టినట్టా?"

"గొర్లకన్నా గడ్డి ఏస్తరు."

ఆమె నవ్వలేదు. ఫోను పెట్టేసి మళ్లీ గుట్టకు పోయింది.

గురువారం నాడు ఒక సంగతి తట్టింది. పెళ్లయిన కొత్తలో కాంట్రాక్టరు ఏనుగుగుండును చీల్చమన్నాడు. కొమురయ్య దాని కాలి దగ్గర ఉలితో మూడు గుంతలు కొట్టి, నాలుగోది మొదలుపెట్టి, తల తిప్పి చూశాడు. గుండు నీడలో పసిపిల్లల ఉయ్యాలలు ఆరు. చూపు అటు, దెబ్బ ఇటు. సమ్మెట ఎడమ బొటనవేలి మీద పడింది. ఇప్పటికీ ఆ వేలు అటుకులా చదునుగానే ఉంటుంది. "ఇంకో గుండు చూపియ్యి, దీన్ని కొట్ట" అని లేచిపోయాడు. నాలుగో గుంత సగంలోనే ఉండిపోయింది.

పైన ఎంత లేపేసినా రాయి కాలు మట్టిలో ఉంటుంది. భాగ్యమ్మ గడ్డపార తీసింది. టీచరు బడి వదిలాక తట్ట పట్టుకుని వచ్చింది.

"వద్దండి, మీకు నడుం నొప్పి."

"నడుముకు రేపు సెలవిస్త. నువ్వు ఎత్తు."

రెండు రోజులు తవ్వారు. యంత్రం వేసిన రంధ్రాలు గాజుల్లా గుండ్రంగా ఉన్నాయి. ఉలి గుంతకు మూలలుంటాయి, చేత్తో తడిమితే తెలుస్తుంది. శనివారం పొద్దుగూకే వేళ ఆమె వేళ్లకు ఒక మూల తగిలింది. దాని పక్కన రెండోది, మూడోది. నాలుగోది బెత్తెడు లోతే ఉంది.

సర్వేయరు సోమవారం వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూశాడు.

"మీ మాట కాదననండి. కానీ నలభై ఏళ్లు రాళ్లు కొట్టిన గుట్ట ఇది. సగం గుంతలు ఎన్ని లేవు? ఉత్తరం రాయించిన ఆయనే వచ్చి ఇదీ గుండు అని సంతకం పెడితే నాకు చాలండి."

ఆ మధ్యాహ్నమే రేడియోలో చెప్పారు, లోక్‌సభ రద్దయిందని. టీచరు బుల్లిబాబు వైపు తిరిగింది.

"ఇప్పుడాయన ఎంపీ కాదు కదండీ మరి?"

బుల్లిబాబు గొలుసు చుట్టుకుంటూ ఆలోచించాడు. "ఉత్తరం రాసిన రోజున ఎంపీయే కదండి. ఆ చెయ్యి వస్తే చాలు."

సాయంత్రం ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. కొమురయ్య గొంతు అలసిపోయి ఉంది.

"ఇగ మళ్ల ఎలక్షన్లే. టిక్కెట్ల మాట తేలేదాకా నాలుగు రోజులు ఈడనే ఉండుమంటున్నరు. ఇప్పుడు కదిలితే నా పేరు కొట్టేస్తరేమో."

భాగ్యమ్మకు టిక్కెట్టు విలువ తెలుసు. ఇరవై ఐదేళ్లు గడప గడపా ఆయన వెనక తిరిగింది.

"టిక్కెట్టు ఇంకొకడైన తీసుకుంటడు. ఈ గుంత నీ ఏలుకే ఎరుక. అరవై ముగ్గురు పోరలు రోడ్డు మీద పడుతరు, ఏం చేస్తవో చెయ్యి."

కొమురయ్య టిక్కెట్టు మాట మళ్లీ ఎత్తలేదు.

"నాలుగోది ఇంక ఉన్నదా?"

"ఉన్నది. బెత్తెడు."

"దాని మీద మట్టి కప్పకున్రి. బుధవారం మాపు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుత."

ఆమె గుంత చుట్టూ ముగ్గుపిండితో గీత గీసింది. టీచరు బడి గోడ మీద, పిల్లలకు కనబడేలా, సుద్దతో పెద్ద అక్షరాల్లో రాసింది: కొమురయ్య గారు వచ్చే రోజు, గురువారం, 29 ఏప్రిల్ 1999.