చిమిండైంగ్ డాక్టరమ్మను అడగడానికి వెళ్ళిన రోజు

ఆ ఏడు వానలు పట్టుకున్నాక రంగూన్‌లో ఏ వస్తువుకూ అంచులు ఉండేవి కావు. ట్రాం కిటికీలోంచి చూస్తే చెట్లూ, గొడుగులూ, పగోడా శిఖరాలూ ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ కనిపించేవి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. డాక్టరు చదువు చదవాలని కోరిక. అప్పటికి నేను కోసి చూసిన ప్రాణి కప్ప ఒక్కటే.

మా తాత రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోయడానికి విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవాడు. నాన్న ఆ ఊళ్ళోనే చౌక్తడా పేటలో కోర్టు గుమాస్తా అయ్యాడు. తామ్వే పేటలో కాపురం. నా కోరిక విని ఇంట్లో ఎవరూ ఔననలేదు, కాదనలేదు. ఒకరోజు అన్నం తింటూ నాన్న అడిగాడు.

"డాక్టరవుతానంటన్నావు కదా. డాక్టరన్నోళ్ళు పొద్దల్లా ఏటి సేస్తారో సూసినావేటి?"

చూడలేదన్నాను.

"మరి సూసి రా. సూసొచ్చినాక కూడా ఇదే మాటంటే దరకాస్తు మీద నాను సంతకం పెడతాను."

చూడనిచ్చేవాళ్ళు ఎవరా అని చాలా రోజులు ఆలోచించాను. మగ డాక్టర్ల దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. చిమిండైంగ్ బజారు దగ్గర ఒక బర్మా డాక్టరమ్మ ఉందని కాలేజీలో ఎవరో చెప్పారు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, నచ్చక చింపి, మళ్ళీ రాసి, నాలుగోసారి రాసినది మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. ఆ శనివారం మధ్యాహ్నం ట్రాంలో కూర్చుని చెప్పాల్సిన బర్మా మాటలు పెదవుల మీదే వల్లె వేసుకుంటూ నిద్రలోకి జారిపోయాను. కలలో కూడా అడుగుతూనే ఉన్నాను. కలలో ఆవిడ నవ్వి, లోపలికి రమ్మంది.

ఆవిడది నది ఒడ్డున కర్ర మేడ. కింద వసారాలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని తమ వంతు కోసం కునికిపాట్లు పడుతున్నారు. నన్ను పైకి పిలిచేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. నాకు మాత్రం రెండు నిమిషాల్లా అనిపించింది. గదిలో ఫినైలు వాసన, ఎక్కడి నుంచో మల్లెల వాసన. యాభై దాటిన మనిషి, జడముడిలో దువ్వెన గుచ్చుకుని, నా ఉత్తరం నెమ్మదిగా చివరిదాకా చదివింది.

"అయితే ఏం కావాలి నీకు?" అంది బర్మా భాషలో.

"మీ వెంట ఉండి చూడాలి, సయామా." చదువు చెప్పే ఆవిణ్ణయినా, వైద్యం చేసే ఆవిణ్ణయినా అక్కడ అలాగే పిలుస్తారు. "శనివారాలు మాత్రమే. దేనికీ అడ్డు రాను. ఒక మూల నిలబడతాను."

"మూల ఎక్కడుంది?"

చుట్టూ చూశాను. ఒక మూల బీరువా, ఒక మూల మంచం, ఒక మూల నీళ్ళ తొట్టి, నాలుగో దాన్లో తూకం. నిజంగానే ఖాళీ మూల లేదు.

"ఇక్కడికొచ్చే ఆడవాళ్ళు నాతో నోరు విప్పడమే కష్టం," అందావిడ. కోపంగా అనలేదు. "ఇంకో మనిషి నిలబడి చూస్తుంటే ఆ కాస్తా చెప్పరు. చదువుకో అమ్మా. మెడికల్ కాలేజీలో చేరాక అన్నీ వాళ్ళే చూపిస్తారు."

ఉత్తరం మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది. నమస్కారం పెట్టి దిగి వచ్చేశాను.

వాన హోరుగా కురుస్తోంది. తగ్గేదాకా వసారాలోనే ఒక పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. తేలిపోతున్నట్టు ఉంది, అంతే. పక్కన ఖాళీ మందు సీసా ఒళ్ళో పెట్టుకుని ఒక మనిషి నా చీరకట్టు వైపు చూస్తోంది.

"మనోళ్ళ పిల్లవా?" అంది.

"అవును అప్పా." మా వైపు అక్కను అలాగే అంటాం. "నీకేటి జబ్బు?"

"కడుపుకోత."

సీసా వైపు చూశాను. తర్వాత ఆమె ముఖం వైపు చూశాను. చెయ్యి కడుపు మీదే ఉంది గానీ, నొప్పితో పట్టుకున్నట్టు లేదు.

"ఎవరప్పా?" అన్నాను మెల్లగా.

"ఆడపిల్ల. రెండేళ్ళది. ఈదంతా పరుగులెట్టీది. ఎండల్లో జొరమొచ్చి పోయినాది."

"డాక్టరమ్మకి సెప్పినావా?"

"మొదటి మారు మా ఆయన సెప్పినాడు. ఆయనకొచ్చిన నాలుగు బర్మా ముక్కల్లో, కడుపు కోస్తన్నాదని. అప్పట్నించీ మందిస్తన్నాది. తాగతానే ఉన్నాను. సేదుగుంటాది. ఇది మూడో సీసా. తగ్గనేదు తల్లీ."

నేను లేచి మళ్ళీ మెట్లెక్కిన సంగతి సగం మెట్ల మీద ఉండగా గానీ నాకు తెలియలేదు. డాక్టరమ్మ తొట్టిలో చేతులు కడుక్కుంటోంది. వద్దన్నాక మళ్ళీ వచ్చానని విసుక్కుంటుందనుకున్నాను. వచ్చిన బర్మాలో, రానిచోట ఇంగ్లీషులో చెప్పాను.

"సయామా, కింద సీసాతో కూర్చున్నావిడకి కడుపునొప్పి లేదు. మా భాషలో కడుపుకోత అంటే బిడ్డ పోయిన తల్లి పడే బాధ. వాళ్ళాయన మాటకి మాట బర్మాలో పెట్టి మీకు చెప్పాడు."

ఆవిడ చేతులు నీళ్ళలో అలాగే ఉండిపోయాయి.

"ప్రతిసారీ కడుపు నొక్కి చూశాను," అంది. "ఎక్కడ నొప్పి అంటే ఇక్కడే అని చూపించింది."

ఆమెను పైకి పిలిపించింది. బల్ల వెనక కూర్చోకుండా మంచం మీద ఆమె పక్కనే కూర్చుంది. పాప పేరు అడగమంది. అడిగాను. ఆమె చెప్పింది. డాక్టరమ్మ ఆ పేరు పలకబోతే బర్మా నాలుకకు తిరగలేదు. ఆమె సరిదిద్దింది. డాక్టరమ్మ మళ్ళీ అంది. మళ్ళీ సరిదిద్దింది. అయిదారు సార్లకు ఆ పేరు ఆ గదిలో సరిగ్గా పలికింది. అప్పుడు ఆమె ఏడ్చింది. డాక్టరమ్మ ఆపమనలేదు. నిద్ర పడుతోందా, ఎంత తింటోంది, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నీ నెమ్మదిగా అడిగింది. నేను ఇటు మాట అటు, అటు మాట ఇటు మోశాను. చివరికి ఆ మందు మానెయ్యమని, పూటపూటా కాస్త గంజి అయినా తాగమని, వచ్చే శనివారం సీసా లేకుండా రమ్మని చెప్పింది.

ఆమె వెళ్ళాక నా వైపు తిరిగింది.

"నువ్వు కూడా రా. మూల లేదు, తలుపు దగ్గర నిలబడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెప్పు. నీది ఒక్క మాట కూడా కలపకు."

ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. నాన్న అంతా విని, "అయినా అదే మాటంటావా?" అన్నాడు. అంటానన్నాను. సమయమొచ్చినప్పుడు సంతకం పెట్టాడు.

పాప తల్లి ఆ వానలు వెలిసేదాకా శనివారాలు వచ్చింది. కొన్నిసార్లు మాట్లాడేది, కొన్నిసార్లు ఊరికే కూర్చుని వెళ్ళేది. చలికాలంలో మళ్ళీ పనిలో చేరిందని ఎవరో చెప్పారు. నేను ఆ తలుపు దగ్గర ఏడాదికి పైగా నిలబడ్డాను. తర్వాత మెడికల్ కాలేజీలో చేరి, చదువు పూర్తి చేసి, అదే నగరంలో చాలా ఏళ్ళు వైద్యం చేశాను.

ఇప్పుడు వెనక్కి చూస్తే కాలేజీ రోజులకంటే ముందు ఆ గదే కళ్ళ ముందుకొస్తుంది. ఒక మధ్యాహ్నం, చేపలమ్మే ముసలావిడ కుర్చీలోనే కునుకు తీస్తుంటే, డాక్టరమ్మ తన చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి మొదటిసారి నా చెవులకు పెట్టింది. దూరంగా బియ్యం మిల్లు ఆడుతోంది. ఏది మిల్లో, ఏది ఆ ముసలావిడ గుండె చప్పుడో తెలియలేదు.

"ఏం వినబడుతోంది?"

"తెలియడం లేదు, సయామా."

"తొందరేం లేదు," అందావిడ.

కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయాను.